వెబ్‌సైటు తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది?



రాత్రి కొట్టు కట్టివేసి, తాళం రెండుసార్లు లాగి చూచుకొని, తాళపుచెవి మొలత్రాటికి కట్టుకొని ఇంటికి వెళ్లే పెద్దలను మనమందరం చూచినవారమే. అంతటి జాగ్రత్తపరులే, తమ వ్యాపారానికి ఇంటర్నెట్టులో తెరచిన రెండవ కొట్టు విషయంలో మాత్రం తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదో కూడా ఎరుగకుండా ఉన్నారు. వెబ్‌సైటు అనబడే ఆ రెండవ కొట్టులోనికి దొంగ ప్రవేశించి, యజమానినే బయటకు నెట్టి తలుపు వేసుకొన్నప్పుడు చేయవలసిన పనిని గురించి ఈ వ్యాసంలో నా అభిప్రాయాలను మీ ముందుంచుతున్నాను. ఇవి బ్యాంకు వారి ఆదేశాలు కావు. గ్రామీణ పరపతి విభాగంలో చాలకాలం పనిచేసిన ఒక ఉద్యోగి అభిప్రాయాలు మాత్రమే.

ఒక మండల కేంద్రంలో పంపుసెట్లు, స్ప్రేయర్లు, బిందు సేద్యపు పరికరాలు విక్రయించే డీలరు గారు మా శాఖ ఖాతాదారు. ఖరీఫ్ ఆరంభంలో ఒకనాడు ఆయన బ్యాంకు తలుపులు తెరవక ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతకు ముందు రోజు ఇద్దరు రైతులు కొట్టుకు వచ్చి, మీ వెబ్‌సైటులో అడ్వాన్సు కట్టాము, మోటారు ఇప్పించండి అని అడిగారట. ఆ సొమ్ము ఆయన ఖాతాకు చేరనే లేదు. వెబ్‌సైటులో తన క్యూఆర్ కోడు ఉండవలసిన చోట మరెవరిదో కోడు ఉన్నది. దానిని తీసివేద్దామని లోనికి ప్రవేశించబోతే పాస్‌వర్డు చెల్లదన్నది. "మేనేజరు గారూ, నా కొట్టుకు నేనే పరాయివాణ్ణయ్యాను" అన్నారు ఆయన. ఆ మాట నాకు ఈనాటికీ గుర్తు.

విచారించగా మరొక వింత బయటపడినది. ఆయన తన కంప్యూటరులో చిరునామా టైపు చేసి చూచినప్పుడల్లా వెబ్‌సైటు చక్కగానే కనిపించేది. రైతులు సెల్‌ఫోనులో గూగుల్ ద్వారా వెదకి వచ్చినప్పుడు మాత్రం జూద సంబంధమైన పుటలు తెరుచుకొనేవి. కొందరు ఆ సంగతి ఆయనకు చెప్పారు కూడా. ఫోనులో ఏదో లోపమై ఉంటుందని ఆయన పట్టించుకోలేదు. దొంగ అమర్చిన ప్రోగ్రాము, వచ్చినవాడు ఎక్కడినుండి వచ్చాడు, ఏ యంత్రంతో వచ్చాడు అని చూచి మరీ ముఖం మార్చుతుంది. యజమాని నేరుగా వస్తాడు కనుక యజమానికి మంచి ముఖం, కొనుగోలుదారు వెదకుతూ వస్తాడు కనుక అతనికి మరొక ముఖం. అందువలన, 'నాకు బాగానే కనిపిస్తున్నది' అన్న మాటను ఈ విషయంలో సాక్ష్యంగా స్వీకరించరాదు. మీ వెబ్‌సైటును నెలకొకసారి అయినా మరొకరి ఫోనులో, గూగుల్ ద్వారా వెదకి తెరచి చూడండి.

మా వంటి చిన్నవారి జోలికి ఎవరు వస్తారు అని మీరు అడుగవచ్చు. డీలరు గారు కూడా అదే అడిగారు. దీనికి సమాధానం 2017 నాటి ఒక ఉదంతంలో ఉన్నది. చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లలో చాలభాగం వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మీద నడుస్తున్నాయి. 2003లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేరు నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో సుమారు నలభై శాతానికి ఆధారం. దానిలోని ఒక లోపాన్ని సరిచేస్తూ 2017 జనవరి నెలాఖరున 4.7.2 అనే సవరణను విడుదల చేశారు. లోపం వివరాలు ఫిబ్రవరి 1న లోకానికి వెల్లడైనవి. తరువాత కొద్దిరోజులలోనే, ఆ సవరణను వేసుకొనని వెబ్‌సైట్లలో పది లక్షలకు పైగా పుటలు చెరిపివేయబడి, వాటి స్థానంలో దుండగుల రాతలు వెలసినవి. వారెవ్వరూ ఏ యజమాని పెద్దవాడు, ఏ యజమాని చిన్నవాడు అని లెక్కించలేదు. ప్రోగ్రాములు వరుసగా తలుపులన్నీ తట్టుకుంటూ పోతాయి. గడియ పెట్టని ఇల్లు దొరికితే ప్రవేశిస్తాయి. రాత్రిపూట పంటచేలపై పడే అడవిపందుల మందకు ఇది ఏ రైతు చేను అనే విచక్షణ ఉంటుందా? కంచె ఎక్కడ పలుచగా ఉంటే అక్కడ దూరుతుంది.

ఇక అధికారాన్ని తిరిగి పొందే విషయం. దీనిని నేను కొంత విపులంగా చెప్పదలచాను, ఎందుకనగా ఎక్కువమంది పొరబడేది ఇక్కడనే.

వెబ్‌సైటు మీది అధికారం ఒక్క తాళం కాదు. అన్నిటికన్నా లోపలిది అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు. దానితో పుటలు మార్చవచ్చు, ధరలు మార్చవచ్చు. దాని వెలుపల హోస్టింగు ఖాతా ఉన్నది. అది వెబ్‌సైటు ఫైళ్లు, డేటాబేసు నిలువ ఉండే అద్దె గోదాము. దానికి వెలుపల డొమైన్ పేరు, అనగా మీ చిరునామా. దానిని మీకు నమోదు చేసి ఇచ్చిన సంస్థలో మీకొక ఖాతా ఉంటుంది. ఈ మూడింటికీ పాస్‌వర్డు మరచిపోతే కొత్తది పంపబడేది మీ ఈమెయిలుకు. ఆ ఈమెయిలుకు ఆధారం మీ ఫోను నంబరు. వెలుపలి తాళం ఎవరి చేతిలో ఉన్నదో వారు లోపలి తాళాన్ని ఎన్నిసార్లు పోయినా తిరిగి పొందగలరు. పొలంలో ఎవడో వచ్చి గుడిసె వేసికొన్నా, పట్టాదారు పాసుపుస్తకము, రిజిస్టర్డు దస్తావేజు మీ పేర ఉన్నప్పుడు వాడిని లేవగొట్టే మార్గం ఉన్నది. దస్తావేజే వాడి పేర ఉంటే మీరు చేయగలిగినది చాల స్వల్పం.

అందుచేత బాగుచేయడం వెలుపలినుండి లోనికి సాగాలి. చాలమంది ఇందుకు విరుద్ధంగా, ముందు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును మార్చుకొని ఊపిరి పీల్చుకొంటారు. దొంగ ఈమెయిలులోనే కూర్చొని ఉంటే ఆ కొత్త పాస్‌వర్డు సాయంత్రానికి అతని చేతికి అందుతుంది. మొట్టమొదట, వైరసు లేదని నమ్మకమున్న మరొక కంప్యూటరు నుండి ఈమెయిలు పాస్‌వర్డు మార్చండి. రెండంచెల ధృవీకరణ పెట్టండి. అక్కడితో ఆగక, మీకు వచ్చే ఉత్తరాలు మరొక చిరునామాకు దారి మళ్లేటట్లు ఎవరైనా ఏర్పాటు చేశారేమో సెట్టింగులలో చూడండి. ఇది దొంగలకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఉపాయం. తరువాత డొమైన్ ఖాతా. అక్కడ మీ పేరు, ఈమెయిలు, ఫోను సరిగా ఉన్నవా, బదిలీ జరుగకుండా లాక్ వేసి ఉన్నదా, నేమ్‌సర్వర్లు మీ హోస్టింగు వారివేనా అని పరిశీలించాలి. ఆ తరువాత హోస్టింగు ఖాతా: పాస్‌వర్డు మార్చాలి, మీరు ఎరుగని ఎఫ్‌టీపీ ఖాతాలను తొలగించాలి, నిర్ణీత వేళలకు తమంతట తామే నడిచే క్రాన్ పనులలో కొత్తవేమైనా చేరినవేమో చూడాలి.

హోస్టింగు చేతికి వచ్చినదంటే అడ్మినిస్ట్రేటరు అధికారం వచ్చినట్లే. దొంగ మీ పేరుతో ఉన్న ఈమెయిలు చిరునామాను తనదిగా మార్చి ఉంటాడు గనుక 'పాస్‌వర్డు మరచితిని' అన్న మీట ఎన్నిసార్లు నొక్కినా ఉత్తరం అతనికే పోతుంది. హోస్టింగు పానెలులో పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే సాధనం ఉంటుంది. దాని ద్వారా డేటాబేసును తెరచి, యూజర్స్ అనే పట్టికలో మీ పేరుకు ఎదురుగా ఉన్న ఈమెయిలును సరిదిద్దిన పిమ్మట అదే మీటను నొక్కండి; ఈసారి ఉత్తరం మీకు వస్తుంది. ఆ పట్టికలోనే మీరు నియమించని అడ్మినిస్ట్రేటర్లు కూడా కనిపించవచ్చు. ఆప్షన్స్ అనే మరొక పట్టికలో మీ వెబ్‌సైటు చిరునామాయే మార్చబడి ఉండవచ్చు. ఈ పని కంప్యూటరు తెలిసిన కుర్రవాడికి గంటసేపటి పని. అయితే దేనినైనా ముట్టుకొనే ముందు, పాడైన స్థితిలోనే మొత్తం ఫైళ్లను, డేటాబేసును, రాకపోకల లాగ్ ఫైళ్లను ఒక ప్రతి తీసి వేరుగా భద్రపరచాలి. లాగ్‌లను కొన్ని హోస్టింగు సంస్థలు కొద్దిరోజులు మాత్రమే ఉంచుతాయి. దొంగ పాదముద్రలు ఉన్న నేలను ఊడ్చివేసిన తరువాత పోలీసులను పిలిచి ప్రయోజనమేమి?

మా డీలరు గారి విషయంలో చిక్కు ఇక్కడే వచ్చినది. వెబ్‌సైటు తయారుచేసిన యువకుడు పట్టణంలో ఉండే రోజులలో డొమైన్ పేరును, హోస్టింగును తన ఈమెయిలుతో, తన కార్డుతో తీసుకొన్నాడు. అందులో అతని దురుద్దేశం ఏమీ లేదు. పని త్వరగా కావాలని డీలరు గారే తొందరపెట్టారు, సొమ్ము నగదుగా ఇచ్చారు. తరువాత ఆ యువకుడు బెంగుళూరులో ఉద్యోగంలో చేరాడు. హోస్టింగు సంస్థకు ఫోను చేస్తే వారు అడిగినవి రెండే: నమోదైన ఈమెయిలు నుండి ఉత్తరం, లేదా చెల్లింపు చేసినట్లు ఆధారం. మా ఖాతాదారు వద్ద ఈ రెండూ లేవు. తన బ్యాంకు ఖాతా నుండి చెల్లించి ఉంటే, స్టేట్‌మెంటులోని ఒక పంక్తి ఆయనకు దస్తావేజుగా అక్కరకు వచ్చేది. చివరకు ఆ యువకుని తండ్రి గారి ద్వారా నంబరు సంపాదించి మాట్లాడగా, అతడు రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి, తెల్లవారేవరకు కూర్చొని ఖాతాలను వారి పేరునకు మార్చి ఇచ్చాడు. సజ్జనుడు కనుక సరిపోయినది. కాకపోతే ఏమయ్యేది? డాట్ ఇన్ పేర్లకు సంబంధించిన తగాదాలకు నిక్సీ సంస్థ వారి వివాద పరిష్కార విధానం ఉన్నమాట నిజమే గాని, అది ఆర్బిట్రేషను మార్గం. ఖర్చు, కాలయాపన తప్పవు. ఖరీఫ్ మీ కోసం ఆగదు.

అధికారం తిరిగి వచ్చినదని పండుగ చేసుకొనరాదు. వెళ్లిన దొంగ మళ్లీ రావడానికి పెరటి తలుపు ఒకటి పెట్టి వెళ్లకుండా ఉండడు. ఒకే ఒక చిన్న ఫైలు చాలు. దానికి చూడగానే అనుమానం రాని పేరు పెడతాడు. ముఖ్యంగా ఫొటోలు ఉంచే అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీ ఫైలు కనిపిస్తే అది సామాన్యంగా దొంగదే. అక్కడ బొమ్మలకు తప్ప ప్రోగ్రాములకు పని లేదు. ఒక్కొక్క ఫైలును వెదకి బాగుచేయడం కంటె, వర్డ్‌ప్రెస్ మూల ఫైళ్లన్నిటినీ తీసివేసి అధికారిక వెబ్‌సైటు నుండి కొత్తవి పెట్టడం, ప్లగిన్లను, థీమును కూడా కొత్తగా తెచ్చుకోవడం ఉత్తమం. మన ఫొటోలను, కాన్ఫిగ్ ఫైలును, హెచ్‌టీయాక్సెస్ ఫైలును మాత్రం కంటితో పరీక్షించాలి. కాన్ఫిగ్ ఫైలులో సాల్ట్ అనబడే రహస్యాక్షరాల వరుసలు ఉంటాయి. వాటిని మార్చిన తక్షణం, లోపల ఉన్న ప్రతివారూ, దొంగతో సహా, బయటకు పోయి మళ్లీ పాస్‌వర్డు ఇచ్చి రావలసినదే. డేటాబేసు పాస్‌వర్డును కూడా అదే సమయంలో మార్చివేయండి.

బ్యాకప్ ఉన్నది గదా, దానిని వేసికొంటే సరి అనేవారు ఉన్నారు. ఏనాటి బ్యాకప్ అన్నది ప్రశ్న. దొంగ లోనికి వచ్చిన రోజు వేరు, మీరు కనుగొన్న రోజు వేరు. ఈ రెంటి నడుమ వారాలు గడచి ఉండవచ్చు. నిన్నటి బ్యాకప్‌లో దొంగ కూడా భద్రంగా ఉంటాడు. మిడతలు పడిన పంట నుండి విత్తనం తీయము గదా! దొంగ రాక ముందటి బ్యాకప్ దొరికితే దానిని వేసి, అతడు దూరిన రంధ్రాన్ని ఆ గంటలోనే పూడ్చాలి. లేనిచో అదే దారిన మళ్లీ వస్తాడు. ఆ తేదీ తరువాత వచ్చిన ఆర్డర్లు పోతాయి కనుక కొట్టులోని బిల్లు పుస్తకంతో సరిచూచుకొనవలసి ఉంటుంది. కాగితపు పుస్తకాలను ఎగతాళి చేసే యువతరానికి ఈ సందర్భం చెప్పదగినది. మా డీలరు గారిని ఒడ్డున పడవేసినది ఆయన ఎర్రట్ట చిట్టా పుస్తకమే.

గూగుల్ వారు ఇటువంటి వెబ్‌సైట్లను గుర్తించినప్పుడు, వచ్చేవారికి హెచ్చరిక చూపుతారు. శుభ్రం చేసిన తరువాత సెర్చ్ కన్సోల్ అనే వారి ఉచిత సాధనంలో పునఃపరిశీలనకు దరఖాస్తు చేయాలి. అక్కడ యజమానుల జాబితాను కూడా చూడండి. దొంగ తనను తాను యజమానిగా నమోదు చేసుకొనడం పరిపాటి.

డబ్బు విషయం వేరుగా చెప్పాలి, ఎందుకనగా అక్కడ గంటలే లెక్క. క్యూఆర్ కోడు మారి ఎవరి సొమ్మయినా పోయినట్లు తెలిసిన క్షణాన, వెబ్‌సైటు సంగతి తరువాత చూడవచ్చు, ముందు 1930 నంబరుకు ఫోను చేయించండి. ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టలులో కూడా నమోదు చేయవచ్చు. సొమ్ము దొంగ ఖాతాలో ఉన్నంతసేపే దానిని నిలుపుదల చేయడానికి అవకాశం. నాలుగు ఖాతాలు దాటిన తరువాత వెంబడించడం దుర్లభం. సొమ్ము కట్టిన రైతు తన బ్యాంకు శాఖకు కూడా వెంటనే తెలియపరచాలి. ఇక్కడ డీలర్లకు ఒక మనవి. పరువు పోతుందని ఈ సంగతిని దాచకండి. మా ఖాతాదారు మొదటి రోజు దాచారు. వెబ్‌సైటు మూతవేస్తే అందరికీ తెలిసిపోతుందని భయపడ్డారు. ఆ ఒక్క రోజులో మరి ముగ్గురు రైతులు అడ్వాన్సు కట్టారు. రెండవనాడు కొట్టు ముందు బోర్డు కట్టి, రైతుల వాట్సాప్ గ్రూపులలో స్వయంగా గొంతు వినిపించి, తెలిసిన నంబరులో నాతో మాట్లాడకుండా ఎవ్వరూ సొమ్ము కట్టవద్దని చెప్పారు. దానివలన ఆయన పరువు పోలేదు. రైతులకు నా విన్నపము ఏమనగా, క్యూఆర్ కోడు చూపినప్పుడు తెరమీద కనిపించే పేరును ఒక్కసారి చదవండి. పదేళ్లుగా ఎరిగిన కొట్టుకు కడుతున్నప్పుడు అక్కడ ఊరు పేరు తెలియని ఎవరి పేరో కనిపిస్తే వేలు ఆపండి.

చట్టం బలహీనమైనదేమీ కాదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలోని 66వ సెక్షను క్రింద ఇటువంటి చొరబాటుకు మూడేళ్ల వరకు ఖైదు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు. కంప్యూటరు ద్వారా మరొకరుగా నటించి మోసగించిన వారికి 66-డి సెక్షను వర్తిస్తుంది. ఈ నేరాలను ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని పోలీసు అధికారి దర్యాప్తు చేయాలని చట్టమే చెప్పినది. ఫిర్యాదుకు వెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనండి. ఉత్పత్తిదారుల కంపెనీలు నడిపేవారు మరొకటి కూడా తెలిసికొనాలి. సైబరు భద్రతకు జాతీయ సంస్థ అయిన సెర్ట్-ఇన్ వారు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వెబ్‌సైటులోనికి చొరబడి మార్పులు చేయడం వంటి సంఘటనలను గమనించిన ఆరు గంటలలోగా తమకు నివేదించాలని కంపెనీలను కోరారు.

ఇంకొక మోసం ఉన్నది. వెబ్‌సైటు పోయినదని తెలియగానే, తెచ్చిపెడతామని అపరిచితులు ఫోను చేస్తారు. ముందుగా సొమ్ము అడుగుతారు, లేదా దూరం నుండి మీ కంప్యూటరును నడిపే యాప్ వేసుకొమ్మంటారు. ఓటీపీ చెప్పమంటారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాని సామెత మీకు తెలిసినదే. వీడు ఇంకొంచెం ముదిరినవాడు. పని తెలిసినవానిని మీ ఎదుట కూర్చోబెట్టుకొని చేయించుకొనండి, కూలి ఇవ్వండి.

ఇప్పుడు నా అసలు అభిప్రాయానికి వస్తాను. ఈ బాధలో సగభాగం దొంగవలన కలిగినది కాదు; తాళపుచెవి యజమాని చేతిలో లేకపోవడం వలన కలిగినది. ఇందులో మా బ్యాంకుల దోషం కూడా కొంత ఉన్నది. ట్రాక్టరుకు ఋణం ఇచ్చేటప్పుడు రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదని అడుగుతాము. గోదాముకు ఇచ్చేటప్పుడు స్థలం దస్తావేజు, ఈసీ అడుగుతాము. బీమా అడుగుతాము. వ్యాపారాభివృద్ధికి ఇచ్చిన ఋణంలో వెబ్‌సైటు తయారీకి అని ఒక పద్దు కనిపిస్తే మాత్రం బిల్లు చూచి సంతకం పెట్టివేస్తాము. డొమైన్ పేరు ఎవరి పేరిట ఉన్నది, ఎప్పటికి గడువు తీరుతుంది అన్న రెండు ప్రశ్నలు దరఖాస్తు ఫారములో చేర్చితే ఏమి నష్టం? పేరు విలువ ఏమిటో బ్యాంకులకు తెలియనిది కాదు. దేశంలోని బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించినది. అందుకు 2025 అక్టోబరు 31 గడువుగా పెట్టినది. ఆ పేర్లను నమోదు చేసే బాధ్యతను హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించారు. నకిలీ పేర్లతో ఖాతాదారులు మోసపోతున్నారన్నదే అందుకు కారణం. మా పేరును మేము ఇంత జాగ్రత్తగా కాపాడుకొంటున్నప్పుడు, మా ఋణగ్రహీత పేరు ఎవరి జేబులో ఉన్నదో అడుగకపోవడం సబబుగా లేదు.

ఉత్పత్తిదారుల సంఘాల విషయం మరింత సున్నితమైనది. 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలను ఏర్పాటు చేసే కేంద్ర పథకం 2020లో ఆరంభమైనది. 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2022 జూన్‌లో ఆమోదం లభించినది. ఊరి సంఘాలు కూడా కంప్యూటరు ముంగిట నిలిచిన కాలమిది. సంఘంలో కార్యనిర్వహణాధికారి మారుతుంటాడు, డైరెక్టర్లు మారుతుంటారు. వెళ్లిపోయే ఉద్యోగి నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, బీరువా తాళాలు అప్పగించి సంతకం పెడతాడు. ఈమెయిలు, డొమైన్, హోస్టింగు ఖాతాలు ఆ అప్పగింతల జాబితాలో ఉండవు. ఇవి వ్యక్తి ఈమెయిలుతో గాక సంఘపు ఈమెయిలుతో, సంఘపు ఖాతా నుండి చెల్లించి తీసుకొనాలి. మినిట్సు పుస్తకంలో తీర్మానం వ్రాయాలి. పాస్‌వర్డులు వ్రాసిన కాగితాన్ని కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరి సంతకాలతో బ్యాంకు లాకరులో ఉంచితే నవ్వేవారు నవ్వుతారు. నాకు మాత్రం అంతకన్నా మంచి ఏర్పాటు తోచలేదు.

పాస్‌వర్డుకన్నా ముఖ్యమైన అపరాధం మరొకటి ఉన్నది. దానిని గురించి కొంచెం కఠినంగానే వ్రాయవలసి వస్తున్నది. సొమ్ము పెట్టి కొనవలసిన థీములను, ప్లగిన్లను దొంగ ప్రతులుగా ఉచితంగా తెచ్చి వేసే అలవాటు చాల ప్రబలినది. మా డీలరు గారి వెబ్‌సైటులో తేలినదీ అదే. కొద్ది వేల రూపాయలు మిగిల్చామని తయారుచేసినవారు, చేయించుకొన్నవారు ఇద్దరూ సంతోషించారు. ఆ ప్రతిలోనే దొంగకు కావలసిన దారి ముందుగానే కలిపి ఉన్నది. నకిలీ విత్తనాలు అమ్మినవాడి మీద మండిపడే మనము, నకిలీ సాఫ్ట్‌వేరును మన చేతులతో మనమే నాటుకొంటున్నాము. అసలైన వాటికీ లోపాలు ఉంటాయి. 2020 సెప్టెంబరులో ఏడు లక్షల పైచిలుకు వెబ్‌సైట్లలో వాడుకలో ఉన్న ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో పెద్ద లోపం బయటపడి, ఎందరో నష్టపోయారు. అయితే అసలైనదానికి సవరణ వస్తుంది, వచ్చిన రోజున వేసుకొంటే గండం తప్పుతుంది. నకిలీ ప్రతికి ఆ సవరణ చేరదు.

వెబ్‌సైటు మనకు అవసరమా, వాట్సాపు చాలదా అని కొందరు పెద్దలు వాదిస్తారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. సవరణలు వేసేవారు, చూచేవారు లేని వెబ్‌సైటు కన్నా వెబ్‌సైటు లేకపోవడమే మేలని నేను కూడా ఒప్పుకొంటాను. కానీ ఒకసారి తెరచిన తరువాత, చిక్కు వచ్చినదని వదిలివేసి మరొక పేరుతో కొత్తది తెరవడం మాత్రం సరికాదు. పాత పేరు మీ బిల్లు పుస్తకం మీద ఉన్నది, కొట్టు బోర్డు మీద ఉన్నది, రైతు ఫోనులో ఉన్నది. మీరు వదిలిన ఆ పేరును గడువు తీరిన కొంతకాలానికి ఎవడైనా కొనుక్కొనవచ్చు. కొన్నవాడు మీ పేరుతో అడ్వాన్సులు అడుగవచ్చు. వెబ్‌సైటు మూసివేయదలచినా సరే, పేరును మాత్రం ఏటేటా రుసుము కట్టి మీ అధీనంలోనే ఉంచుకొనండి. అది చాల డొమైన్‌లకు పెద్ద ఖర్చు కాదు.

మా డీలరు గారి వెబ్‌సైటు తొమ్మిదవ రోజున తిరిగి తెరుచుకొన్నది. అడ్వాన్సు కట్టి మోసపోయిన ఐదుగురు రైతులలో ఇద్దరి సొమ్ము 1930కి వెంటనే ఫోను చేసినందున నిలుపుదల అయినది. మిగిలిన ముగ్గురికి ఆయన తన చేతినుండి ఇచ్చారు. ఇవ్వవలసిన బాధ్యత చట్టరీత్యా తనకు ఉన్నదో లేదో ఆయన ఎవరినీ అడుగలేదు. ఆ మొత్తానికి తాత్కాలిక ఓవర్‌డ్రాఫ్టు కోరుతూ దరఖాస్తు ఇచ్చినప్పుడు, ప్రయోజనం అన్న గడిలో ఏమి వ్రాయాలో మా ఇద్దరికీ కొంతసేపు తోచలేదు. చివరకు 'తాళం మార్పిడి ఖర్చులు' అని ఆయనే వ్రాశారు. నేను మంజూరు చేశాను.